గుర్రం బీమాలో పంటి వైద్యం: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత నా మాట

పనిలేకుండా కనిపించిన వాళ్లని "గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా?" అని అడుగుతుంటారు. గుర్రాన్ని సాకినవాళ్లెవరూ ఆ మాట అనరేమో. ఎందుకంటే పళ్లు తిన్నగా ఉంటేనే అది మేత నములుతుంది, నమిలితేనే ఒంటికి పడుతుంది, కళ్లేనికి మాట వింటుంది. ఆ పళ్ల వైద్యానికి బీమా ఎంతవరకు ఆదుకుంటుందో నేను తొమ్మిదేళ్లు ప్రీమియం కట్టి తెలుసుకున్నాను. పాలసీ తీసుకునే రోజున ఇది నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మాది ఆడ గుర్రం. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంటుంది కాబట్టి చుక్క అని పిలుస్తాం. ఏడో ఏట కొన్నాను, ఇప్పుడు పదహారు. కొన్న వారంలోనే పాలసీ తీసుకుని ఏటా అదే కంపెనీలో రెన్యువల్ చేస్తూ వచ్చాను. ఇన్నేళ్లలో పళ్ల కోసం మూడు క్లెయిమ్‌లు పెట్టాను. ఒకదానికి చాలావరకు డబ్బు వచ్చింది, రెండు తిరిగొచ్చాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు తగిలిన షరతులు చాలా పాలసీల్లో కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి.

గుర్రం బీమాలో అసలు భాగం ప్రాణానికి. చనిపోయినా, దొంగలు ఎత్తుకుపోయినా ఇచ్చేది. వైద్య ఖర్చుల భాగం వేరు, దానికి ప్రీమియం కూడా వేరు. పంటి వైద్యం ఈ రెండో దానిలో ఉంటుంది. అది తీసుకోకపోతే పళ్ల గురించి మాట్లాడుకోవడానికే ఏమీ లేదు. తీసుకున్నా, నా పాలసీలో దాని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: జబ్బు వల్ల గానీ ప్రమాదం వల్ల గానీ అవసరమైన దంత చికిత్సకు చెల్లిస్తాం, మామూలు సంరక్షణకు చెల్లించం. చదివినప్పుడు తేలిగ్గానే అర్థమైనట్టు అనిపించింది. ఏది సంరక్షణ, ఏది జబ్బు అన్న దగ్గరే తంటా అంతా.

మొదటి దెబ్బ ఆ మొదటి ఏడాదే తగిలింది. గుర్రం పళ్లు మన పళ్లలాంటివి కావు. చిగురు లోపల దాగి ఉన్న పన్ను ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూనే ఉంటుంది, నమిలినకొద్దీ అరుగుతూ ఉంటుంది. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. అందుకే అరుగుదల సమంగా ఉండదు. పై పళ్లకు బుగ్గ వైపు, కింది పళ్లకు నాలుక వైపు బ్లేడులాంటి అంచులు మిగిలిపోతాయి. చుక్క కళ్లెం పెట్టగానే తల విదిలించేది. డాక్టరు నోరు తెరిచి, బుగ్గల లోపల రెండు వైపులా పుండ్లు చూపించారు. అంచులు ఆకురాయితో రాకి, మందు రాశారు. పుండు అంటే జబ్బే కదా అనుకుని క్లెయిమ్ పెట్టాను. రెండు వారాలకు జవాబు వచ్చింది: పుండుకు కారణం పదునైన అంచులు, అంచులకు కారణం సహజమైన అరుగుదల, కాబట్టి ఇది సంరక్షణ కిందికి వస్తుంది.

కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే వాళ్ల లెక్క తప్పు కాదనిపించింది. ప్రతి గుర్రానికీ ప్రతి ఏడాదీ వచ్చే ఖర్చును బీమాలో కలిపితే ఆ డబ్బు ప్రీమియం రూపంలో మన దగ్గరే లాగుతారు. ఆకురాయి పని, కళ్లేనికి అడ్డొచ్చే చిన్న తోడేలు పళ్లు తీయించడం, కుర్ర గుర్రాలకు ఊడకుండా వేలాడే పాల పళ్లు తీయించడం, వీటన్నిటికీ మనమే ఏటా కొంత పక్కన పెట్టుకోవాలి. పుట్టుకతో వచ్చిన దవడ వంకరలు కూడా ఇదే వరసలో బయటే ఉంటాయి.

ఆ తిరస్కరణ ఉత్తరం చివర ఉన్న ఒక వాక్యం మాత్రం నాకు తర్వాత చాలా పనికొచ్చింది. ఏటా కనీసం ఒకసారి అర్హత ఉన్నవాళ్లతో పళ్లు చూపించి, వాళ్లు చెప్పిన పని చేయించకపోతే, రేపు నిజంగా జబ్బు వచ్చినా చెల్లించం అన్నది ఆ వాక్యం. అది పాలసీలో మొదటి నుంచీ ఉందట, నేనే చూడలేదు. అప్పటి నుంచి ప్రతి పరీక్షకీ దంత పటం రాయించుకోవడం మొదలుపెట్టాను. ప్రతి పంటికీ ఒక నంబరు ఉంటుంది. మొదటి అంకె నోట్లో ఏ మూల అన్నది: కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. తర్వాతి రెండంకెలు ముందు నుంచి వెనక్కి వరస. ఒక్క కాగితం, తేదీ, డాక్టరు సంతకం. తొమ్మిదేళ్లవి అన్నీ ఒకే ఫైలులో పెట్టాను.

అయిదో ఏడాది ఆ ఫైలు అక్కరకొచ్చింది. ఒక ఉదయం చుక్క కుడి ముక్కు రంధ్రం కింద పసుపు జాడ కనిపించింది. ఎడమది శుభ్రంగా ఉంది. జలుబైతే రెండు వైపులా కారేది. దగ్గరికి వెళ్తే కుళ్లు వాసన. తొట్టి పక్కన సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు, గుప్పిట్లో పట్టేంతవి, మూడో నాలుగో పడి ఉన్నాయి. ఆ రోజే డాక్టరు వచ్చి మత్తిచ్చి, నోరు మూసుకోకుండా పట్టే తెరుపు బిగించి, అద్దంతో చూశారు. 109 నంబరు పన్ను నిలువునా చీలి ఉంది. పై దవడలో నాలుగో నమిలే పన్ను అది. గుర్రానికి ఏడాది వయసులోనే వచ్చేస్తుంది కాబట్టి శాశ్వతంగా ఉండే నమిలే పళ్లలో అదే అన్నిటికన్నా ముసలిది, అందుకే పుచ్చడం, చీలడం దానికి ఎక్కువట. దాని వేళ్లు సైనస్ గదికి ఆనుకుని ఉంటాయి. చీము అక్కడికి చేరి ముక్కులోంచి దిగుతోంది.

పన్ను తీయించక ముందే కంపెనీకి ఫోన్ చేశాను, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టాను. అత్యవసరం కాని ఏ శస్త్ర చికిత్సకైనా ముందుగా చెప్పాలన్నది షరతు. ఎక్స్‌రేలు, డాక్టరు అంచనా, గత మూడేళ్ల దంత పటాలు అడిగారు. పటాల్లో 109 పక్కన మూడేళ్లూ "బాగుంది" అని ఉంది. నాలుగు రోజుల్లో ఒప్పుకున్నారు.

ఆ పన్ను తీయడం నేను పక్కన నిలబడి చూశాను. ఈ రోజుల్లో చాలావరకు గుర్రాన్ని పడుకోబెట్టరు. మత్తులో నిలబెట్టి, తలను పీట మీద ఆనించి, నరానికి మొద్దుబారే సూది వేస్తారు. పటకారు పట్టి డాక్టరు గంటకు పైగా ఓపిగ్గా అటూ ఇటూ కదిలించారు. చివర్లో పంటి చుట్టూ నురగ రక్తం తేలింది, బురదలోంచి కాలు లాగినట్టు చప్‌చప్‌మని చప్పుడు వినిపించింది. "ఇక వచ్చేస్తుంది" అన్నారు. బయటికి తీస్తే నా చూపుడు వేలంత పొడుగుంది. నోట్లో కనిపించేది అందులో నాలుగో వంతు కూడా లేదు. చుక్క కింది పెదవి వేలాడేసుకుని నిద్రకళ్లతో నిలబడి ఉంది. దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డ నాకు మాత్రం కాళ్లు వణికాయి.

ఖర్చులో సుమారు మూడొంతులు బీమా ఇచ్చింది. ఎక్స్‌రేలు, ఎండోస్కోపు, మత్తు, పన్ను తీత, సైనస్ కడగడం, మందులు, గుంత మానిందో లేదో చూసే తర్వాతి పరీక్షలు, అన్నీ వచ్చాయి. రానివి: ప్రతి క్లెయిమ్‌లో మొదట మనమే భరించాల్సిన మొత్తం, ఆసుపత్రికి తీసుకెళ్లిన బండి ఖర్చు, అక్కడ ఉన్న రోజుల మేత. ఎలాగూ మత్తులో ఉంది కదా అని డాక్టరు మిగతా పళ్లను కూడా ఆ రోజే రాకారు. దాన్ని ఆయన బిల్లులో విడి పద్దుగా రాయడం నా అదృష్టం. ఒకే పద్దులో కలిపి ఉంటే ఏది ఎంతో తేల్చమని బిల్లు మొత్తం ఆపేసేవాళ్లని తర్వాత తెలిసింది. బిల్లు రాసేటప్పుడే డాక్టరుకు ఈ మాట చెప్పండి. పని అయ్యాక మార్పించడం ఇద్దరికీ ఇబ్బందే.

ఇంతవరకు నాకు తృప్తే. అసలు సంగతి తర్వాతి రెన్యువల్ కాగితంలో ఉంది. మినహాయింపుల జాబితాలో కొత్తగా ఒక పంక్తి చేరింది: "అన్ని రకాల దంత, సైనస్ సమస్యలు." ఒక్క పన్ను పోయినందుకు నోరు మొత్తాన్ని బీమాలోంచి తీసేశారు! సంతకం పెట్టకుండా అన్ని దంత పటాలూ, మిగతా పళ్లు ఆరోగ్యంగా ఉన్నాయన్న డాక్టరు లేఖా జతచేసి పంపాను. రెండు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాక మినహాయింపును 109 పంటికి, దానికి ఎదురుగా ఉన్న 409కి, కుడి సైనస్‌కి తగ్గించారు. అడగకపోతే తగ్గించేవాళ్లు కాదు. రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు చాలామంది ప్రీమియం అంకె చూసి కట్టేస్తారు. నేనూ అంతకుముందు నాలుగేళ్లు అలాగే కట్టాను. చూడాల్సింది ఆ రెండో పేజీ.

409ని ఎందుకు కలిపారో అడిగితే, ఆ విషయంలో వాళ్లదే న్యాయం. పై పన్ను పోయాక కింది పంటికి ఒరుసుకునేది ఉండదు. అరుగుదల లేక ఖాళీలోకి పెరుగుతుంది. ఆరు నెలలకోసారి రాకించాలి, అది జీవితాంతం ఉండే పని. బీమా పన్ను తీయించింది, ఆ ఖాళీ తెచ్చిపెట్టిన పని మాత్రం నాది.

మూడో క్లెయిమ్ నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడో ఏడాది చుక్క బరువు తగ్గింది, మళ్లీ గడ్డి ఉండలు కనిపించాయి. కుడి కింద 410కి 411కి మధ్య సందులో గడ్డి ఇరుక్కుని, చిగురు కుళ్లి, పన్ను పట్టు వదులుతోంది. సందును కడిగి, వెడల్పు చేసి, పూడ్చే చికిత్స చెప్పారు. ఇది ముమ్మాటికీ జబ్బే, సంరక్షణ కాదు. అయినా తిరస్కరించారు. కారణం మూడో ఏటి దంత పటం. అందులో 410 పక్కన డాక్టరు "చిన్న సందు, ప్రస్తుతానికి ఇబ్బంది లేదు, గమనించాలి" అని రాశారు. నా పాలసీలో ఏ సమస్యకైనా 12 నెలల వరకే చెల్లిస్తారు. ఆ గడువు క్లెయిమ్ పెట్టిన రోజు నుంచి మొదలవదు, సమస్య మొదటిసారి కనిపించిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన నాలుగో ఏడాదికే గడువు తీరిపోయింది.

అభ్యంతరం రాశాను, నెగ్గలేదు. మరి ఆ నాలుగు మాటలు రాయించకుండా ఉండాల్సిందా? వద్దు. 109 క్లెయిమ్‌ని నిలబెట్టిందీ అదే ఫైలు. దాచితే పాలసీనే రద్దు చేసే హక్కు వాళ్లకుంటుంది, అన్నిటికీ మించి చుక్కకు అన్యాయం జరుగుతుంది. నేను చేయాల్సింది వేరే ఉంది. "గమనించాలి" అన్న మాట కాగితం మీదికి ఎక్కిన వారంలోనే కంపెనీకి తెలియజేసి, ఆ 12 నెలల్లోనే డాక్టరుతో దాని సంగతి తేల్చుకుని, అవసరమైన చికిత్స ఆ గడువులోనే చేయించాల్సింది. ఇప్పుడు ప్రతి పరీక్ష తర్వాత పటం చదివి, అందులో "బాగుంది" కాకుండా ఏ మాట ఉన్నా ఆ రోజే ఈమెయిల్ పెడుతున్నాను.

కొత్తగా తీసుకునేవాళ్లు ఇవి రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు. పంటి వైద్యానికి విడిగా పరిమితి ఉందా, వైద్య ఖర్చుల మొత్తం పరిమితిలోనే కలిసిందా? సీటీ స్కాన్ లాంటి పరీక్షలకు వేరే కోత ఉందా? ఏటా పళ్లు చూసేది పశువైద్యుడే అయి ఉండాలా, దంత పనిలో అర్హత ఉన్న టెక్నీషియన్ చాలా? పాలసీ మొదలయ్యాక జబ్బులకు ఎన్ని రోజుల తర్వాత కవరు (బీమా రక్షణ) వస్తుంది? నాకైతే 14 రోజులు. కొనే ముందు చేయించే పరీక్షలో నోటికి తెరుపు బిగించి లోపలిదాకా చూడమని అడగండి. పైపైన చూసి వదిలేస్తే, తర్వాత బయటపడ్డ ప్రతిదీ ముందునుంచీ ఉన్నదే అంటారు.

వయసు గురించి ఒక మాట. పదిహేను దాటాక బిల్లులో నేను భరించాల్సిన శాతం పెరిగింది. వచ్చే ఏడాది దాటితే ముసలి గుర్రాల పాలసీలోకి మారుస్తామన్నారు. అందులో బయటి గాయాలకే కవరు, జబ్బులకు లేదు. సరిగ్గా ఈ వయసులోనే ముందు పళ్ల వేళ్లు కరిగి, చుట్టూ ఉబ్బే నొప్పి జబ్బు మొదలవుతుంది. డాక్టర్లు ఈఓటీఆర్‌హెచ్ అంటారు. ముదిరితే ముందు పళ్లన్నీ తీసేయడమే మార్గం. చాలా గుర్రాలు ఆ తర్వాత హాయిగా తింటాయట. కానీ అవసరం పెరిగే వయసులో కవరు తగ్గిపోవడం నాకు మింగుడుపడని విషయం. ఈ పాలసీకి నేను అయిదుకి మూడే ఇస్తాను, పోయిన రెండూ ఇక్కడే పోయాయి.

పదేళ్లలోపు గుర్రం ఉన్నవాళ్లు తీసుకోమనే చెప్తాను. 109 లాంటిది ఒక్కటి వచ్చినా కట్టిన ప్రీమియంలో పెద్ద భాగం తిరిగొచ్చినట్టే. నేను మాత్రం ఈసారి రెన్యువల్‌లో వైద్య ఖర్చుల భాగం మానేసి, ఆ డబ్బు చుక్క పేరున బ్యాంకులో వేద్దామనుకుంటున్నాను. డాక్టరు వచ్చే గురువారం వస్తున్నారు, 409 రాకాలి. ముందు పళ్లకు కూడా ఎక్స్‌రే తీయమన్నాను. రెన్యువల్ తేదీకి ఇంకా మూడు వారాలుంది.