మాట్లాడని పిల్లకి కాలేజీ వెతుకుతూ తిరుపతి, కాకినాడ, విశాఖ తిరిగొచ్చాం

మా పాప చాలా తక్కువ మాట్లాడుతుంది. కొత్తవాళ్ళు ఏదన్నా అడిగితే నా వైపు చూస్తుంది, జవాబు నేనే చెప్పాలి. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఈప్‌సెట్‌లో ర్యాంకు వచ్చాక చుట్టాలు తలో కాలేజీ పేరు చెప్తున్నారు గానీ నా దిగులు రెండే, ఫీజు ఒకటి, ఈ పిల్ల హాస్టల్లో ఎలా నెట్టుకొస్తుందా అని ఇంకోటి. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టకముందే కళ్ళతో చూసొద్దామని ఒంగోలు నుంచి ఇద్దరం బయల్దేరాం.

ముందు గుంటూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్ళాం, పేరెందుకులెండి. ఏసీ రూములు, స్విమ్మింగ్ పూల్ అన్నీ తిప్పి చూపించారు, చూపించినాయన అందరి ముందూ "ఏమ్మా నోట్లోంచి మాటే రాదా, ఇక్కడ చేరితే నెలలో యాంకర్‌వి అయిపోతావు" అన్నాడు, పాప తల దించుకుంది, ఇక ఆ తర్వాత ఏం చూపించినా తను చూళ్ళేదు. ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీటు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు ఉందన్నారు, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న ముక్క మాత్రం నేను గుచ్చి అడిగితేగానీ బయటికి రాలేదు.

తిరుపతి మీద నాకు చాలా ఆశ ఉండింది. పద్మావతి మహిళా యూనివర్సిటీ, 1983లో ఎన్టీఆర్ పెట్టించింది, అందరూ ఆడపిల్లలే, ఇంజనీరింగ్ కూడా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. స్టేషన్ ఎదురుగా ఉన్న టీటీడీ వసతి గృహం విష్ణు నివాసంలో రూము దొరకలేదు, సీజన్ కదా, పక్క వీధి లాడ్జిలో 1,200 కట్టాం, నీళ్ళు పొద్దున ఆరింటికే ఆగిపోయాయి. క్యాంపస్ మాత్రం ప్రశాంతంగా ఉంది, తలెత్తితే శేషాచలం కొండలు. హాస్టల్ పిల్లలు ఎంత బాగా పలకరించారో, ఏ ఊరు, ఇంటర్ ఎక్కడ, ఏ బ్రాంచి అని పదిమంది చుట్టూ చేరారు. పాప "బాగుందమ్మా" అంది. పెళ్ళిభోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు అడిగితే అంటుందే, ఆ బాగుంది అది.

ఇంటికొచ్చి రెండ్రోజులాగి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, తెల్లారేసరికి కాకినాడ. 900కి శుభ్రమైన రూము, వేడినీళ్ళు, మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్లో కడుపునిండా భోజనం. జేఎన్‌టీయూ కాలేజీ 1946లో విశాఖలో మొదలై ఇక్కడికొచ్చిందట, హంగుల కోసం చూసేవాళ్ళకి ఇది కాదు. ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఇద్దరమ్మాయిలు బ్రెడ్‌బోర్డు మీద వైర్లు గుచ్చుకుంటూ వాళ్ళ పనిలో వాళ్ళున్నారు, మమ్మల్ని చూసి చిన్నగా నవ్వి మళ్ళీ తల వంచేశారు. పాప వాళ్ళ వెనక చాలాసేపు నిలబడి, సిగ్నల్‌ని గీతలా చూపించే ఆసిలోస్కోప్ స్క్రీన్ మీద గీత పక్కకి జారిపోతుంటే "అక్కా, అది ఎందుకు ఆగట్లేదు?" అంది. మొత్తం ప్రయాణంలో తనంతట తను అడిగిన మొదటి మాట అది. "ట్రిగ్గర్ సెట్ చెయ్యలా, ఇదిగో ఈ నాబ్ నువ్వే తిప్పు" అంది ఆ అమ్మాయి. తిప్పింది, గీత ఠక్కున నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగా చెప్తున్నా.

అప్పుడర్థమైంది, నా కూతురికి కావాల్సింది చుట్టూ ఆడపిల్లలు ఉండటం కాదు, చేతిలో ఏదో ఒక పని, పక్కన తొందరపెట్టని మనిషి. అందుకే చెప్తున్నా, సెలవుల్లో వెళ్ళకండి, ల్యాబులు నడిచే రోజు వెళ్ళండి, ఆఫీసులో కన్నా సీనియర్లని అడగండి, సెక్షన్‌లో ఎంతమంది, కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటారు అని. ఇలాంటి పిల్లలు ఇంటికి ఫోన్ చేసినా బాధ చెప్పరు, యూజీసీ యాంటీ ర్యాగింగ్ నంబరు 1800-180-5522 తన ఫోన్లో నేనే వేసిపెట్టా.

విశాఖలో ఒక్క పూటే ఉన్నాం. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, క్యాంపస్ చాలా పెద్దది, చెట్లకింద కూర్చుని చదువుకునేవాళ్ళని చూసి పాపకి నచ్చింది, కాకపోతే టూరిస్టుల ఊరు కదా, బీచ్ దగ్గర రూము 2,000కి తక్కువ లేదు, నెలకోసారి వెళ్ళి చూసొచ్చే నాలాంటివాళ్ళకి అది బరువే. మన ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) రీజియన్ కిందకే వస్తుంది కాబట్టి కాకినాడ, విశాఖ రెండిట్లోనూ 85 శాతం లోకల్ సీట్లలో మన పిల్లలకీ వాటా ఉంటుంది, దూరమని వదిలేసుకోకండి.

ఆప్షన్లు పెట్టే రోజు నెట్ సెంటర్లో కుర్రాడు "ఏది ఫస్ట్ పెట్టమంటారు మేడమ్" అని నన్నడిగాడు. పాప కుర్చీ ముందుకు జరుపుకుని కాకినాడ ఈసీఈ మొదట పెట్టింది, తర్వాత తిరుపతి. నా వైపు చూడలేదు. అలాట్‌మెంట్ కోసం చూస్తున్నాం.