మోజెల్ ద్రాక్షతోటల ట్రిప్, అమీర్‌పేట ఏజెన్సీ ప్లాన్
జర్మనీలోని మోజెల్ లోయకి అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెన్సీతో ప్లాన్ వేయించుకున్నాం. వీసా కాగితాల పని శుభ్రంగా చేశారు, వంక పెట్టడానికి లేదు. కానీ కోఖెమ్ నుంచి బెర్న్‌కాస్టెల్-క్యూస్ దాకా రైలే అని రాసిచ్చారు, అసలు ఆ ఊళ్ళో రైల్వే స్టేషనే లేదు, విట్లిష్‌లో దిగి బస్సెక్కాలి, ఫోన్ చేసి అడిగితే "అక్కడ చూసుకోండి సార్, ఏం టెన్షన్ లేదు" అంటారు! మరి డబ్బులు తీసుకున్నది దేనికి?

అక్కడి తెల్ల వైన్ రీస్లింగ్ రుచి చూడాలంటే కుటుంబాలు నడిపే చిన్న వైనరీలకే వెళ్ళండి, ముందుగా మెయిల్ పెట్టుకుని. బ్రెమ్ దగ్గర కాల్మోంట్ వాలు మీద మనిషి నిలబడడమే కష్టం, ద్రాక్ష ఎలా కోస్తారో ఏమో! సెప్టెంబర్, అక్టోబర్ కోతల కాలం కాబట్టి గదులు తొందరగా బుక్ చేయండి. వీసా వరకైతే ఈ ఏజెన్సీ ఓకే. 5కి 2.