కొనడమా, సొంతంగా కట్టుకోవడమా?

ఒక సంస్థకు కొత్త ఉత్పత్తో, సాంకేతికతో కావలసినప్పుడు, అది ఉన్న మరో సంస్థను కొనాలా, సొంతంగా తయారుచేసుకోవాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఖర్చు: కొనుగోలులో సొమ్ము ఒక్కసారిగా పోతుంది. సొంత తయారీలో జీతాల రూపంలో ఏళ్ల తరబడి కరుగుతుంది కనుక నష్టం త్వరగా కంటికి ఆనదు.

సమయం: 2005లో సొంత వీడియో సేవను ప్రారంభించిన గూగుల్, జనం యూట్యూబ్ వైపే మొగ్గడం చూసి, 2006లో దానిని 165 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇంజినీర్లకు కొదవలేని సంస్థ సైతం, అప్పటికే మరోచోట గుమిగూడిన ప్రేక్షకులను తనవైపు తిప్పుకోలేకపోయింది.

ముప్పు: డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని 2022లో ప్రకటించిన, ఫోటోషాప్ తయారుచేసే అడోబీ, ఐరోపా, బ్రిటన్ నియంత్రణ సంస్థల అభ్యంతరాలతో 2023 డిసెంబరులో విరమించుకుని, ఒప్పందం ప్రకారం 100 కోట్ల డాలర్లు చెల్లించింది, చేతికేమీ రాకుండానే! సొంత ప్రయోగం విఫలమైతే ఇంత రచ్చ ఉండదు.

పొందిక: ఆపిల్ 2008లో చిప్‌లు రూపొందించే పి.ఎ. సెమీ అనే చిన్న సంస్థను కొని, సొంతంగా రూపొందించిన ఏ4 చిప్‌ను 2010లోనూ, మ్యాక్ కంప్యూటర్ల కోసం ఎం1 చిప్‌ను 2020లోనూ తెచ్చింది. నిపుణులను కొని, వస్తువును తానే కట్టుకున్న ఈ పద్ధతే నా దృష్టిలో మిన్న, కాకపోతే పన్నెండేళ్ల ఓపిక కావాలి.

వాడుకరుల సమూహమే అసలు ఆస్తి అయినచోట కొనుగోలు నయం. సంస్థ ప్రధాన ఉత్పత్తికి ప్రాణమైన సాంకేతికత విషయంలో, వ్యవధి ఉన్నంతవరకు, సొంత తయారీయే తగినది.