ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్: పెట్రోలు తాగుద్ది, కానీ ఏం ఇంజినండీ బాబూ!

సెకండ్ హ్యాండ్‌లో పాలియో 1.6 ఒకటి అమ్మకానికి ఉంది, తీసుకోమంటారా అన్నా అని మా తమ్ముడి ఫ్రెండ్ అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, రోజూ ఆఫీసుకి తిప్పడానికైతే వద్దు. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఫియట్ పని తెలిసిన మేస్త్రీ దొరికితే మాత్రం ఆలోచించకుండా తీసుకో. ఆ బండిని కొన్నేళ్ళు నడిపి, జీతంలో మంచి వాటా దాని ట్యాంకులో పోసి, చివరికి అమ్మేసి, ఇప్పటికీ రోడ్డు మీద ఒకటి కనబడితే మెడ తిప్పి చూసే మనిషి రాస్తున్న రివ్యూ ఇది. పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

ఇప్పటి కుర్రాళ్ళకి పాలియో పేరే తెలియకపోవచ్చు. 1996లో బ్రెజిల్‌లో మొదలైన మోడల్ ఇది. మన దేశానికి 2001లో వచ్చింది, అదీ ఫియట్ యూనో కారు డిజైన్ చేసిన ఇటలీ డిజైనర్ జుజారో చెయ్యి పడ్డ కొత్త ముఖంతో. ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో తయారయ్యేది. ప్రకటనల్లో సచిన్ టెండూల్కర్. ఆయన పేరు మీదే ఎస్10 అని లిమిటెడ్ ఎడిషన్ కూడా తెచ్చారు. ఎక్కువమంది కొన్నది 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్నది. అది బుద్ధిమంతులు కొనే బండి, దాని గురించి నాకు చెప్పడానికేం లేదు. మనం మాట్లాడేది జీటీఎక్స్ అని పేరు పెట్టిన 1.6 గురించి: 1596 సీసీ, 16 వాల్వులు, 100 హార్స్‌పవర్.

100 అంటే ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. కానీ అప్పట్లో సాంత్రో, జెన్ లాంటి చిన్న కార్లు 55, 60 దగ్గరే ఉండేవి. ఆ పవర్ కావాలంటే హోండా సిటీ వీటెక్ లాంటి డిక్కీ ఉన్న పెద్ద కారు కొనుక్కోవాలి. తర్వాత 2005లో స్విఫ్ట్ వచ్చి ఊరంతా వెర్రెక్కిపోయినప్పుడు కూడా దానికి 87 మాత్రమే. అలాంటి రోజుల్లో నాలుగు మీటర్లు కూడా లేని బండిలో ఇంత ఇంజిన్ కూర్చోబెట్టారంటే, ఎవరో లెక్కల మాస్టారు సెలవులో ఉన్నప్పుడు సంతకం పెట్టించుకుని ఉంటారు.

ఈ పవర్ షోకు కోసం అనుకునేవాళ్ళు ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వెళ్ళి ఉండరు. ఇప్పుడు 65 నంబరు హైవే నాలుగు లేన్లు, డివైడర్, టోల్ గేట్లు, నిద్రపోతూ కూడా వెళ్ళొచ్చు (వెళ్ళకండి). అప్పుడది 9వ నంబరు, చాలా దూరం రెండే లేన్లు. చౌటుప్పల్ దాటాక ముందొక సిమెంటు లారీ, దాని ముందు ఆర్టీసీ బస్సు, దాని ముందు గడ్డి ట్రాక్టరు, ఎదురుగా ఇంకో వరస హెడ్‌లైట్లు. అక్కడ టాప్ స్పీడ్ ఎవడికీ అక్కర్లేదు. రాంగ్ సైడులో ఎంతసేపు ఉంటామన్నదొక్కటే లెక్క. చిన్న కార్లలో లారీ పక్కకి వచ్చాక పికప్ చాలక, ముందుకు పోలేక, వెనక్కి రాలేక, ఎదురొచ్చేవాడు లైట్లు కొడుతుంటే పక్క సీట్లో వాళ్ళు దేవుణ్ణి తలుచుకోవడం నాకు బాగా తెలుసు. పాలియోలో నాలుగో గేర్ నుంచి మూడుకి దించి యాక్సిలరేటర్ నొక్కితే, అనుమానం వచ్చేలోపే మన లేన్‌లో ఉంటాం. మా నాన్నగారు కారు విషయంలో ఏదీ మెచ్చుకునే మనిషి కాదు. "పెట్రోలు తాగితే తాగింది గానీ, దీంట్లో కూర్చుంటే టెన్షన్ లేదురా" అనేవారు.

ఇంజిన్ స్వభావం చెప్తాను. హోండా వీటెక్ లాగా పైపైకి అరుచుకుంటూ పోయే రకం కాదిది. ఇనప బ్లాకు, బరువైన మనిషి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో కొంచెం గరగర ఉంటుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. రెండున్నర వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటగానే మొదలవుతుంది అసలు లాగుడు, బాగా మేపిన ఒంగోలు ఎద్దు బండ లాగినట్టు, తొందర లేకుండా, ఆగకుండా. నాలుగున్నర వేల దగ్గర శబ్దం మారుతుంది. బొంగురు గొంతు కాస్తా గట్టి పాటలోకి దిగుతుంది, స్టీరింగ్‌లోంచి సన్నటి వణుకు అరచేతులకి తెలుస్తుంది. అక్కడ గేర్ మార్చడం మనసొప్పదు. టర్బో లేదు కాబట్టి నొక్కడానికీ కదలడానికీ మధ్య ఖాళీ ఉండదు, కాలు ఎంత అడిగితే అంత. గేర్ లివర్ మాత్రం కాస్త దూరం తిరగాలి, క్లచ్ బరువే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి ఇరుక్కుంటే ఎడమ మోకాలు ఆ రాత్రి మనతో మాట్లాడుతుంది.

దీని అసలు చోటు శ్రీశైలం రోడ్డు. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. గేటు తీసే టైముకి అక్కడుంటే ముందు లారీలు ఉండవు, నల్లమల చల్లగాలి, అద్దాలు దించేసుకోవడమే. అడవిలో స్పీడు వద్దు, పెద్దపులులు తిరిగే రిజర్వు అది, జింకలు చెప్పి రావు. కానీ దోమలపెంట, ఈగలపెంట దాటాక కృష్ణ దాకా దిగే ఆ మలుపులున్నాయే, అక్కడ బండి బరువు, స్టీరింగ్ బరువు అన్నీ మనకి సాయానికొస్తాయి. రెండో గేర్‌లో దిగుతూ ఉంటే బ్రేకు మీద కాలు పెట్టే పని తక్కువ, ఇంజినే పట్టుకుంటుంది. డ్యామ్ దగ్గర వంతెన దాటి అవతల సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు నలుగురు మనుషులు, ఏసీ, డిక్కీ నిండా సామాను ఉన్నా సరే, ఏసీ కట్టెయ్యాల్సిన అవసరం రాలేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ కట్టేసే అలవాటున్న తరానికి ఆ మాట విలువ తెలుస్తుంది.

ఏసీ అన్నాను కదా, మే నెలలో విజయవాడలో కూడా వెనక సీటువాళ్ళు తగ్గించమని అడిగేవాళ్ళు. తలుపు వేస్తే దబ్ మని నిండుగా మోగుతుంది. వెనక సీటులో మోకాళ్ళకి చోటు తక్కువ, ఆ విషయంలో ఇండికా ముందు ఇది నిలవదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ గురించి మంచి మాటేమీ లేదు.

ఇక మైలేజ్. సిటీలో 8, చలికాలంలో మంచి మూడ్‌లో ఉంటే 9. హైవేలో కాలు కాస్త అదుపులో పెట్టుకుంటే 12, 13. నేను మా ఆవిడకి చెప్పిన సంఖ్య 14, ఆ సంగతి వేరే. ఈ బండి కొత్తలో పెట్రోలు లీటరు 40 రూపాయల లోపే ఉండేది, ఇప్పుడు హైదరాబాద్‌లో వంద దాటింది, మిగతా లెక్క మీరే వేసుకోండి. పాలియోకి ఆ చెడ్డపేరు అప్పుడే వచ్చేసింది, రీసేల్ పడిపోయింది. నాలాంటివాళ్ళకి సెకండ్ హ్యాండ్‌లో అందుబాటులోకి వచ్చిందంటే దాని పుణ్యమే. పైగా 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో చిన్న బండిలో పెద్ద పెట్రోల్ ఇంజిన్ పెట్టాలన్న ఆలోచనకే దాదాపు తలుపులు మూసుకుపోయాయి. 2007లో పాలియో స్టైల్ అని వచ్చినప్పుడు 1.6 ఇచ్చారు గానీ దాని పక్కనే 1.1 కూడా పెట్టారంటే అందుకే. మనవాళ్ళు స్పీడు బళ్ళు కొనరు కాబట్టే కంపెనీలు తేవు అని తేలిగ్గా అనేస్తారు, నాకు నచ్చదు ఆ మాట. పన్ను నిర్ణయించింది సగం, పెట్రోలు నిర్ణయించింది మిగతా సగం.

మెయింటెనెన్స్ దగ్గరికొద్దాం. పేరు చెప్పను గానీ, ఒక సర్వీస్ సెంటర్‌లో ప్రతి చప్పుడుకీ "సార్, మొత్తం అసెంబ్లీ మార్చాలి" అనే జవాబు. బండిని కాపాడింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ. పాత ప్రీమియర్ పద్మినీల కాలం నుంచీ ఫియట్లే చూసిన మనిషి. బానెట్ ఎత్తేవాడు కాదు ముందు. స్టార్ట్ చెయ్యమని, పక్కన నిలబడి ఫెండర్ మీద చెయ్యి పెట్టి కాసేపు వినేవాడు. తర్వాత "మౌంటింగ్ పోయింది బాబూ, ఇంజిన్‌కేం కాలేదు" అనేవాడు, అదే నిజమయ్యేది. ఆయన నాకు నేర్పింది రెండు విషయాలు. ఒకటి, టైమింగ్ బెల్ట్ విషయంలో బేరాలొద్దు, బెల్టు, టెన్షనర్ టైముకి మార్చెయ్యాలి, తెగే దాకా ఆగితే వాల్వులకే ముప్పు. రెండు, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెవితో విను, మీటర్ మీద ఆధారపడకు. మిగిలినవన్నీ వయసుతో, మన గుంతలతో వచ్చేవే: లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు, పవర్ విండో మోటార్లు, తలుపు హ్యాండిళ్ళు. ఇంజిన్ సామాను కొంత ఫియట్ వాళ్ళవే అయిన సియెనా, పెట్రా 1.6 కార్ల నుంచి సరిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో తిరిగితే దొరుకుతుంది, ఓపిక ఉండాలి. బాడీ భాగాలకైతే స్క్రాప్‌లో పడి ఉన్న బండే దిక్కు.

ఇప్పుడు కొనేవాళ్ళకి నా కాలంలో లేని తలనొప్పులు రెండున్నాయి. ఆర్‌సీ పదిహేనేళ్ళకి ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 5,000 అయింది, 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. దాని మీద గ్రీన్ టాక్స్ వేరే. ఈ జీటీఎక్స్‌లన్నీ ఎప్పుడో పదిహేను దాటేశాయి, తొలి బ్యాచ్‌ల వాళ్ళు ఇరవై కూడా దాటేశారు. రెండోది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలం రబ్బరు పైపులు, సీళ్ళు దీని కోసం తయారైనవి కావు. కొనగానే ఫ్యూయల్ లైన్ పైపులన్నీ కొత్తవి వేయించుకోండి, బానెట్ కింద పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తియ్యకండి.

ఇంత చెప్పాక, ఇప్పటి బళ్ళతో పోలిస్తే ఎలా అని అడుగుతారు. పోలిక లేదు, ఇప్పటివే మెరుగు. నేనిప్పుడు నడిపేది ఒక లీటరు టర్బో హ్యాచ్‌బ్యాక్. పాలియో కంటే స్పీడు, మైలేజ్ రెట్టింపుకి దగ్గర, ఎయిర్‌బ్యాగులు, కెమెరా, అన్నీ ఉన్నాయి. పాత రోజులే బంగారం అనే బాపతు కాదు నేను. కాకపోతే దీంట్లో విజయవాడ వెళ్ళొస్తే, ఎలా నడిపానో ఇంటికొచ్చాక గుర్తుండదు. పాలియోలో ఏ లారీని ఎక్కడ దాటానో, సూర్యాపేటలో టీ తాగి బయల్దేరాక ఎక్కడ గేర్ దించానో రాత్రి పడుకున్నాక కూడా తిరుగుతూ ఉండేది. దానికి డబ్బు కట్టొచ్చా అంటే, నేను కట్టాను. ఇంజిన్‌కి ఐదుకి ఐదు, మైలేజ్‌కి ఒకటి, అదీ జాలితో.

అందుకని తమ్ముడూ, చూడ్డానికి వెళ్ళేటప్పుడు పొద్దున్నే వెళ్ళు, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టొద్దని ఓనర్‌కి చెప్పు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే వచ్చేసెయ్. ఏసీ ఆన్ చేసి పది నిమిషాలు నిలబెట్టు, ఫ్యాన్ తిరగాలి. ఎత్తు మీద మూడో గేర్‌లో లాగించి చూడు. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు, నోటి మాట వద్దు. అన్నిటికంటే ముందు ఆర్‌సీ తీసి సీసీ దగ్గర 1596 ఉందో లేదో చూసుకో, జీటీఎక్స్ అనే స్టిక్కర్ 1.2 వెనక కూడా ఎవడైనా అతికించుకోవచ్చు.