నాలుగేళ్ళుగా ఏడీఆర్‌లు రాస్తున్నాం, వద్దనుకున్నవి తప్ప

ఏడీఆర్ అంటే ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డు, సాఫ్ట్‌వేర్ కట్టేటప్పుడు తీసుకున్న ఒక్కో పెద్ద నిర్ణయాన్నీ దాని కారణాన్నీ రాసిపెట్టుకునే చిన్న నోట్. అంతకు మించి చెప్పి విసిగించను. మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతే: శీర్షిక, సందర్భం, నిర్ణయం, స్టేటస్, పర్యవసానాలు. అన్నీ కోడ్ పక్కనే, దాని మార్పులు దాచే గిట్‌లో. మా టీమ్‌లో ఇప్పటికి 61 అయ్యాయి.

నాకు ప్రాణం ఆ చివరి భాగమే. మంచితో పాటు చెడూ రాయాల్సిందే. పద్నాలుగో రికార్డులో "బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లన్నీ పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లోనే, స్కిప్ లాక్డ్‌తో. రోజుకి లక్ష దాటితే మళ్ళీ చూడాలి" అని రాసుకున్నాం. అంటే తెర వెనక చేయాల్సిన పనులన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఒక పట్టికలో వరసకడతాయి; ఒకరు పట్టుకున్న పనిని మిగతావాళ్ళు దాటేసి తర్వాతది తీసుకోవడమే స్కిప్ లాక్డ్. కొత్తగా వచ్చినవాళ్ళు "కాఫ్కా ఎందుకు పెట్టలేదు?" అంటే (మెసేజ్‌లు మోసే వేరే సాఫ్ట్‌వేర్ అది) ఆ లింక్ పంపేవాణ్ణి, వాదన అక్కడితో సరి.

పోయిన దీపావళి ముందు లక్ష దాటింది. డేటాని మెమరీలోనే ఉంచి వేగంగా పనిచేసే రెడిస్‌కి మారదామన్నారు కుర్రాళ్ళు, నేనూ సరేనన్నాను. మూడు వారాలు పని చేశాక టెస్ట్ సర్వర్‌లో రెడిస్‌ని కావాలనే చంపి మళ్ళీ లేపాం. రెడిస్ అప్పుడప్పుడు డిస్క్‌కి రాసుకునే కాపీ, అదే స్నాప్‌షాట్, చివరిది తీశాక వచ్చిన 212 జాబ్‌లు గల్లంతు. అవి ఇన్‌వాయిస్‌లు, పోతే ఊరుకునే సరుకు కాదు. ప్రతి రాతా వెంటనే డిస్క్‌కి వెళ్ళేలా సెట్టింగ్ మారిస్తే, మా మెషీన్ మీద ఏ వేగం కోసం మారామో అదే పోయింది.

ఆ రాత్రి, టీమ్ వదిలి వెళ్ళిన ఒక తమ్ముడికి ఫోన్ చేశాను. "అన్నా, రెడిస్‌ని మొదట్లోనే నేను చూసి వదిలేశా కదా! మీరప్పుడు పెళ్ళికని విజయవాడ వెళ్ళారు" అన్నాడు. రికార్డు రాసింది నేనే, అందులో ఆ ముక్క లేదు. వద్దనుకున్నవాటికి ఆ ఐదింటిలో విడిగా చోటు లేదు. సందర్భంలో ఇరికించొచ్చు, ఇరికించలేదు, తప్పు మాదే. లింక్ పంపితే వాదన సరి అన్నానే, అదీ ఇప్పుడు అంత గొప్పగా అనిపించట్లేదు. లక్ష అనే అంకె చూసి అందరూ ఊరుకున్నారు గానీ, ఇంకేం చూశారని అడిగినవాడు లేడు.

ఇప్పుడు ఎంఏడీఆర్ అనే మరో ఏడీఆర్ టెంప్లేట్‌కి మారాం, అందులో పరిశీలించిన ప్రత్యామ్నాయాలకి ప్రత్యేకంగా చోటుంది. రాత పెరిగిందని గొణుగుళ్ళున్నాయి. మొక్కుబడిగా రెండు పేర్లు పడేసి పోయేవాళ్ళూ ఉన్నారు. మేం ఏడుగురం, మనుషులు మారుతూనే ఉంటారు, కాబట్టి మాకు పనికొస్తోంది. ముగ్గురే ఒక గదిలో కూర్చునే చోట పాత ఐదూ చాలేమో.

పద్నాలుగోది సూపర్‌సీడెడ్ అయింది, అంటే దాని స్థానంలో కొత్త రికార్డు వచ్చింది. కొత్తదాంట్లోనూ ఆ పోస్ట్‌గ్రెస్ టేబులే, కాకపోతే పార్టిషన్ చేశాం, అంటే ముక్కలుగా విడగొట్టాం, లక్ష బదులు మూడు లక్షలని రాశాం. కింద రెడిస్ కథంతా ఉంది, ఆ 212తో సహా.