ఇత్తడి, కంచు అతకడానికి ఏది మేలు: వెల్డింగా, బ్రేజింగా?

విరిగిన ముక్క చేతిలో పెట్టి "దీన్ని వెల్డింగ్ చెయ్యాలా, బ్రేజింగ్ చెయ్యాలా?" అని అడిగేవాళ్లను నేను ముందు తిరిగి ఒకటి అడుగుతాను: ఇందులో జింకు ఎంత ఉంది? సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. జింకు మాత్రం 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మామూలు ఇత్తడి కరిగేది కూడా ఆ చుట్టుపక్కలే, 900 నుంచి 950 డిగ్రీల మధ్య. వెల్డింగ్ అంటే ముక్కల అంచులనే కరిగించి కలపడం. అందుకే ఇత్తడి అంచు కరిగేసరికి అందులోని జింకు పొగై లేచిపోతుంది. కరిగిన లోహం చిటపటలాడుతుంది, చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది, చల్లారాక చూస్తే అతుకంతా గుల్ల.

నేను మొదటిసారి ఒక ఇత్తడి వాల్వు మీద టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కొన నుంచి వచ్చే కరెంటు మంటతో చేసేది) మొదలుపెట్టి, గాలి ఆడని గదిలో అరగంట కూర్చున్నాను. అతుకు నిలవలేదు సరికదా, ఆ రాత్రి చలి, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి. జింకు పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత వచ్చే జ్వరం అది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కానీ, తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. ఏ పద్ధతిలో చేసినా పొగ మీ ముఖం వైపు రాకుండా గాలి ఆడే చోటే చెయ్యండి.

బ్రేజింగ్‌లో అసలు లోహం కరగదు. దానికంటే తక్కువ వేడికి కరిగే వేరే లోహం రెండు ముక్కల మధ్య సందులోకి పాకి పట్టుకుంటుంది. 56 శాతం వెండి ఉన్న రాడ్ 650 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. అంటే ఇత్తడి కరిగే వేడికి ఇంకా 250 డిగ్రీల దూరం ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లకు ఆ దూరమే ధైర్యం. అందుకే ఇత్తడికి బ్రేజింగే మేలు అని మొహమాటం లేకుండా చెప్తాను. సీసం కలిపిన ఇత్తడి అయితే వెల్డింగ్ ఆలోచనే వద్దు, పగులుతుంది. లేత్ మీద సులువుగా తెగడానికి 3 శాతం దాకా సీసం కలుపుతారు కాబట్టి ఇత్తడి ఫిట్టింగుల్లో అలాంటివి చాలా ఉంటాయి. వాటిని బ్రేజ్ చేసేటప్పుడు కూడా గట్టిగా బిగించి పట్టకుండా, అంతటా సమానంగా వేడి చెయ్యాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఇనుము మీద వాడే పచ్చటి ఇత్తడి రాడ్‌నే తెచ్చి ఇత్తడి ముక్కలకూ వాడబోతారు. ఆ రాడ్ కరిగేదీ 900 డిగ్రీల దగ్గరే కాబట్టి, అది కరిగేలోపు ముక్కే జారిపోతుంది.

బ్రేజింగ్‌కి బలం లేదనే మాట తరచూ వింటాను. చాలాసార్లు లోపం అతుకు పెట్టిన తీరులో ఉంటుంది. రెండు అంచులను ఎదురెదురుగా ఆనించి పైన కాస్త లోహం పూస్తే అది విరగక ఏమవుతుంది? ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి, పలచటి ముక్క మందానికి మూడింతలు. మధ్య సందు 0.05 నుంచి 0.12 మిల్లీమీటర్లు ఉండాలి. సందు పెద్దదైతే లోహం పైకి పాకదు, మరీ బిగుతైతే లోపలికే వెళ్లదు. రుద్ది మెరిపించిన చోట ఫ్లక్స్ (వేడికి లోహం మీద ఆక్సైడ్ పొర పట్టకుండా కాపాడే మందు) పూయండి. అది 600 డిగ్రీల దగ్గర నీళ్లలా తేటపడుతుంది. అప్పుడు రాడ్ ఆనించండి. మంట ముక్క మీద ఉండాలి, రాడ్ మీద కాదు. చల్లారాక గోరువెచ్చటి నీళ్లతో ఫ్లక్స్ మొత్తం కడిగెయ్యాలి, లేకపోతే అదే లోహాన్ని తినేస్తుంది. పాత అతుకులో మెత్తటి సీసం టంకం మిగిలి ఉంటే పూర్తిగా గోకి తీశాకే మొదలుపెట్టండి.

కంచు దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం మారుతుంది. మామూలు కంచు అంటే రాగి, తగరం కలిసిన లోహం. తగరం మరగడానికి దాదాపు 2600 డిగ్రీలు కావాలి కాబట్టి పొగ బాధ తక్కువ. కానీ తగరపు కంచు ఒక్కసారిగా గట్టిపడదు. 10 శాతం తగరం ఉన్నది సుమారు 1000 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెట్టి 850 దాకా సగం ద్రవంగానే ఉంటుంది. ఆ మధ్యలో లాగుడు పడితే బీట వస్తుంది. అందుకే దాన్ని వెల్డ్ చేస్తే చిన్న చిన్న అతుకులుగా, నెమ్మదిగా చెయ్యాలి. తగరం 20 శాతం దాటే గంట కంచు మరీ పెళుసు. దాన్ని అతికినా పాత మోత తిరిగి రావడం కష్టం, వెల్డింగ్‌తో ఇంట్లో ప్రయత్నించకండి.

సిలికాన్ కంచు మాత్రం వెల్డింగ్‌కి పుట్టినట్టుంటుంది. రాగిలో 3 శాతం సిలికాన్ అంతే. రాగి వేడిని ఎంత త్వరగా లాగేసుకుంటుందో ఇది అంత నిదానం, మామూలు ఇనుము కంటే కూడా తక్కువే లాగుతుంది. అందుకే టిగ్ మంట పెట్టిన చోటే చక్కగా కరుగుతుంది. విగ్రహాల పోతలో దీన్ని ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం. అదే లోహపు రాడ్‌తో వెల్డ్ చేసి రాస్తే అతుకు కనబడదు, పైన రంగు వేసినా సమంగా పడుతుంది. వెండి బ్రేజింగ్ గీత అలా కలవదు, రంగు వేశాక తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియం కంచుకీ వెల్డింగే మేలు. దాని మీది ఆక్సైడ్ పొర మామూలు ఫ్లక్స్‌కి లొంగదు, బ్రేజింగ్ రాడ్ పట్టక జారిపోతుంది.

పేరును మాత్రం నమ్మకండి. మాంగనీస్ కంచు అనేది పేరుకే కంచు, అందులో దాదాపు 39 శాతం జింకు, కాబట్టి అది ఇత్తడే. అనుమానముంటే కనబడని మూల చిన్న చోట మంట పెట్టి చూడండి. ఎర్రబడ్డాక తెల్లటి పొగ లేస్తే జింకు ఉన్నట్టే. ఆకురాయితో గీకితే పసుపు మెరుపు ఇత్తడివైపు, ఎరుపు గోధుమరంగు కంచువైపు చూపిస్తాయి, కానీ ఆ గుర్తు ఒక్కదాని మీద ఆధారపడకూడదు.

స్ప్రింగ్ గుణం ఉన్న ఫాస్ఫర్ కంచు రేకుకి మాత్రం వెల్డింగ్ వద్దు, బ్రేజింగూ వద్దు. రెంటి వేడికీ దాని బిగువు పోతుంది. దానికి రివెట్ కొట్టండి, లేదా 200 డిగ్రీల చుట్టుపక్కల కరిగే మెత్తటి టంకం వాడండి.