పది రోజుల్లో మంగు పోగొట్టే క్రీమ్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

అసలు విషయం ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఈ నాలుగు ముక్కలు చదివి వెళ్లిపోయినా పర్లేదు. పార్లర్లలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ "మా సొంత ఫార్ములా" అంటూ లేబుల్ లేని చిన్న డబ్బాల్లో అమ్మే నైట్ క్రీములు ముఖానికి రాయకండి. వారం పది రోజుల్లో ముఖం మెరిసిపోయిందంటే మురిసిపోకండి. అనుమానపడాల్సింది సరిగ్గా అప్పుడే.

మాది కూకట్‌పల్లి. రెండో కాన్పు తర్వాత నాకు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. కనిపించిన ప్రతివాళ్లూ ఒక చిట్కా చెప్పేవారు. జాజికాయ అరగదీసి రాయమని ఒకరు, బంగాళాదుంప రసం అని ఇంకొకరు. మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో మా తోడికోడలి ముఖం చూసి ఆశ్చర్యపోయాను. మచ్చ లేదు, మొటిమ లేదు. "మేకప్ కాదక్కా, మా పార్లరావిడ ఇచ్చే క్రీమ్. నువ్వూ వాడు" అంది. పెళ్లి ఫొటోల్లో నన్ను నేను చూసుకున్నాక ఇక ఆగలేదు.

అరచేతిలో ఇమిడే తెల్ల ప్లాస్టిక్ డబ్బా, బంగారు రంగు మూత. లోపల లేత పసుపు క్రీమ్. పైకి గుప్పున గులాబీ వాసన, దాని అడుగున ఆయింట్‌మెంట్ లాంటి వాసన. మూత మీద "నైట్ క్రీమ్" అని స్టిక్కర్. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఏం వేశారో ఒక్క ముక్క లేదు. 650 రూపాయలు ఫోన్‌లో కొట్టేశాను, బిల్లు అడగలేదు. ఇందులో ఏం వేస్తారండీ అంటే, "అన్నీ హెర్బలే మేడం, కుంకుమపువ్వు, అతిమధురం. మెడలో బంగారానికి మాత్రం తగలనివ్వకండి" అంది. కుంకుమపువ్వు తగిలితే బంగారానికి ఏమవుతుందని అప్పుడు నాకు తట్టలేదు. ఆ మాట అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది.

నేనేమీ గుడ్డిగా రాసుకోలేదు. మోచేతి లోపలివైపు మూడు రోజులు రాసి చూశాను. దద్దురు లేదు, దురద లేదు. ఇంకేం, ముఖానికి మొదలుపెట్టాను. పదో రోజుకి మంగు పల్చబడింది, మొటిమలు మాయం. "ముఖం తేటపడిందే" అని మా అత్తగారు కూడా అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు! నాలుగు నెలలు వాడాను.

ఆ తర్వాత పార్లరావిడ ఊరెళ్లింది, వారం పాటు క్రీమ్ దొరకలేదు. నాలుగో రోజుకి ముఖం కందిపోయింది. పొయ్యి దగ్గర నిలబడితే కారం పూసినట్టు మంట, చన్నీళ్లు కొట్టుకున్నా మంటే. గడ్డం చుట్టూ చీముపొక్కులు. ఆవిడ రాగానే పరుగెత్తి ఇంకో డబ్బా తెచ్చి రాస్తే రెండు రోజుల్లో అంతా సర్దుకుంది. ఆపితే మళ్లీ అదే కథ. తాగుడుకి అలవాటు పడ్డవాళ్ల చేతులు వణుకుతాయంటారే, నా ముఖం పరిస్థితి అచ్చం అదే.

చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ లెన్స్ పెట్టి చూసి "ఏమైనా రాస్తున్నారా?" అని అడగలేదు. "ఎన్ని నెలల నుంచి రాస్తున్నారు?" అని అడిగారు. అద్దంలో నాకే చూపించారు. బుగ్గల మీద చర్మం పల్చబడి దారపు పోగుల్లాంటి ఎర్రటి రక్తనాళాలు బయటపడ్డాయి. దవడ పక్కన నూగు పెరిగింది. స్టెరాయిడ్ క్రీమ్ ముఖాన్ని చేసే పని ఇదేనన్నారు.

డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు రాయగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే ముఖం తెల్లగా కనిపిస్తుంది. వాపునీ ఎరుపునీ దురదనీ అణిచేస్తాయి. అందుకే మొటిమలు పోయాయనిపిస్తుంది. నా మోచేతి పరీక్ష కూడా అందుకే పనికిరాలేదు. దురదను అణిచే మందుని దురద వస్తుందా అని పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? ఈ సంగతి ఎవరూ చెప్పరు. ప్యాచ్ టెస్ట్ పాసైతే చాలని అందరం అనుకుంటాం.

ఈ డబ్బాల్లో చాలావరకు ఉండేది ఒక పాత మిశ్రమమేనట. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్. 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మ వైద్యుడు మంగు కోసమే ఇలాంటి కలయికను ప్రకటించాడు. అంటే ఇది దొంగ మందు కాదు, డాక్టర్లు ఇప్పటికీ రాసే మందే. కాకపోతే వాళ్లు కొన్ని వారాలకే రాసి, మధ్యలో చూసి, ఆపేస్తారు. హైడ్రోక్వినోన్ చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఏళ్ల తరబడి రాస్తే మాత్రం అదే చోట నీలి నలుపు మచ్చలు తెస్తుంది, అవి ఓ పట్టాన పోవు. ట్రెటినోయిన్ చర్మం పైపొరను త్వరగా రాలుస్తుంది, గర్భంతో ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. గర్భంతో ఉన్నారా అని పార్లర్లో నన్నెవరూ అడగలేదు.

ఇక బంగారం సంగతి. ఆ మాట చెప్పగానే డాక్టర్ పెన్ను పక్కన పెట్టి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించమన్నారు. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. పాదరసం కలిపిన క్రీములు అమ్మేవాళ్లు నగలకు తగలనివ్వొద్దని చెప్పడం అందుకేనట. అది కూడా మెలనిన్‌నే అడ్డుకుంటుంది, చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీల మీద పడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో పేపర్లలో వచ్చాయి. మన దేశంలో కంటికి వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల్లో ఒక వంతుకి మించకూడదు, అదీ పొరపాటున చేరినదైతేనే. నా రిపోర్టు మామూలుగానే వచ్చింది. నా డబ్బాలో పాదరసం ఉందో లేదో ల్యాబ్‌లో తేలాలి. మూత్రం రిపోర్టు వచ్చేదాకా పడ్డ టెన్షన్ మాత్రం నాకే తెలుసు.

మరి నిజంగా పనిచేసేవి లేవా అంటే ఉన్నాయి, నిదానంగా పనిచేస్తాయి. మెలనిన్ అడుగున ఉన్న కణాల్లో తయారై, చిన్న చిన్న పొట్లాల్లా పై కణాలకి చేరుతుంది. క్రీముల్లో, సీరమ్‌లలో వేసే నయాసినమైడ్ ఆ చేరవేతను తగ్గిస్తుంది. తేడా కనపడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. చర్మం పైపొర మారడానికే సుమారు నెల పట్టేటప్పుడు పది రోజుల్లో మంగు ఎలా పోతుంది? విటమిన్ సి మంచిదే, కానీ గాలీ వెలుతురూ తగిలితే పాడవుతుంది. సీరమ్ ముదురు గోధుమ రంగుకి తిరిగితే ఎంత ఖరీదు పెట్టి కొన్నా పారబోయడమే. శాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి మొటిమలకు పనికొస్తుంది, మంగుకి అది మందు కాదు. హైలురానిక్ యాసిడ్ పేరు వినడానికి గొప్పగా ఉంటుంది, చేసేది తేమ పట్టి ఉంచడమే. మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న గ్లిజరిన్ కూడా ఆ పనే చేస్తుంది. నన్నడిగితే మంగుకి అన్నిటికంటే ముఖ్యం సన్‌స్క్రీన్. అందులోనూ ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది.

ఇప్పుడు నేను ఏది కొన్నా ముందు వెనకవైపు చదువుతున్నాను. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. జాబితాలో ఎక్కువ వేసినవి ముందు, తక్కువ వేసినవి వెనక వస్తాయి. ఒక శాతం లోపు వేసినవి మాత్రం ఎలాగైనా రాసుకోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. క్రీమ్ పాడవకుండా వేసే ఫినాక్సీ ఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ చాలావాటిలో ఉంటుంది, దాన్ని ఒక శాతానికి మించి వేయరు. డబ్బా ముందు పెద్దక్షరాలతో ఊదరగొట్టిన పదార్థం వెనక జాబితాలో దాని తర్వాత వచ్చిందంటే, అది ఒక శాతం కూడా ఉండకపోవచ్చు. ఇలా చూసి ఇంట్లో ఉన్న రెండు సీరమ్‌లు మళ్లీ కొనడం మానేశాను.

మెడికల్ షాపులో తామరకో దురదకో ఇచ్చే ట్యూబుల దగ్గరా జాగ్రత్త. ముఖానికి రాసేముందు పేర్లు చదవండి. 2018లోనే చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చారు. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. ట్యూబు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీతో వాడాల్సిన మందు, మామూలు ఫేస్ క్రీమ్ కాదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు సిగ్గుపడకుండా డబ్బా పట్టుకుని చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలా ఆపాలో వాళ్లే చెప్తారు. ఆపిన తర్వాత ముఖం కొన్నాళ్లు ఘోరంగా ఉంటుంది. ఆ రోజుల్లో మళ్లీ ఆ క్రీమ్ రాయాలనిపిస్తుంది, నాకు రోజూ అనిపించేది. నాకు తేరుకోవడానికి ఏడు నెలలు పట్టింది. మంగు మళ్లీ వచ్చింది, ముందుకంటే కాస్త ముదురుగా.

పార్లరావిడకి ఫోన్ చేస్తే "మీ స్కిన్‌కి పడలేదేమో మేడం" అని పెట్టేసింది, తర్వాత నంబరు బ్లాక్ చేసింది. బిల్లు లేదు కాబట్టి నా దగ్గర మిగిలింది ఫోన్‌లో డబ్బు పంపిన స్క్రీన్‌షాటూ, అడుగున కాస్త క్రీమున్న డబ్బా. రెండూ జతచేసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. మీరూ డబ్బా పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పొచ్చు.

మా తోడికోడలు మాత్రం ఇంకా రాస్తూనే ఉంది. "నాకేం కాలేదు కదక్కా" అంటుంది. పోయిన ఆదివారం వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తూ రెండుసార్లు బయటికి వెళ్లి ఫ్యాన్ కింద నిలబడింది. ముఖం మండుతోందా అని అడిగితే వేడికి అంది. గురువారం డాక్టర్ దగ్గర ఇద్దరి పేర్లూ రాయించాను.